చిరాగ్ తలే అంధేరా: యూరప్ పాత తస్వీర్లలో కందీలు వెలుగు



పోయిన వారం మా అమ్మాయి తన ఫోన్లో ఒక తస్వీర్ చూపించింది. చిమ్మచీకటి గది. ఒక ముసలి వడ్రంగి నడుము వంచి, పెద్ద దుంగకు బరమాతో బెజ్జం వేస్తున్నాడు. ఎదురుగా ఒక చిన్న పిల్లవాడు కొవ్వొత్తి పట్టుకుని కూర్చున్నాడు. గాలికి ఆరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ వేళ్ల సందుల్లోంచి, ఆ వేళ్ల మాంసంలోంచి కూడా వెలుతురు ఎర్రగా కనబడుతోంది.

"అబ్బా, కరెంటు లేని జమానాలో గీసిన బొమ్మ ఇది. అంత చీకట్లో ఇంత వెలుగు ఎట్లా తెచ్చారు?" అని అడిగింది.

నాకు వెంటనే మా నానీ కందీలు యాదికొచ్చింది. మా నానీ ఇంట్లో ఒకటే కందీలు ఉండేది. మగ్రిబ్ అయ్యాక నానీ దాని చిమ్నీని బూడిదతో, పాత గుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించి వెలిగించేది. మా పిల్లలందరికీ దాని చుట్టూ పుస్తకాలు. నానీ మాత్రం కాస్త వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆ చీకట్లో ఆమె మొహం మాకు సగమే కనబడేది.

బేటీ అడిగిన సవాల్‌కు ఒక్క మాటలో జవాబ్ ఇవ్వలేకపోయాను. కొన్నాళ్లు చదివాను. ఆ చదివింది ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. మన దగ్గర నబీల బొమ్మలు గీయడం మనా. యూరప్ పాత చిత్రాలు చాలావరకు ఇంజీల్ కథల మీదే ఉంటాయి. నేను వాటిని అఖీదా కోసం కాదు, తారీఖ్ కోసం, హునర్ కోసం చూస్తున్నాను.

మొదట మాటల సంగతి. కందీలు మన మాటే అనుకుంటాం. అది అరబ్బీ 'కిందీల్' నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఆ కిందీల్ అరబ్బీలోకి గ్రీకు నుంచి, గ్రీకులోకి లాటిన్ 'కాండేలా' నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'కాండిల్' కూడా ఆ కాండేలా బిడ్డే. అంటే మా నానీ కందీలు, ఆ పిల్లవాడి చేతిలో కొవ్వొత్తి, రెండూ ఒకే ఖాందాన్. ఫానూసు కూడా గ్రీకు మాటే. లాంతరు పడమటి ఓడలెక్కి వచ్చింది. ఒక్క షమా మాత్రం అసలు అరబ్బీ. దాని అర్థం మైనం.

ఇప్పుడు ఆ కాలపు రాత్రి ఎట్లా ఉండేదో చూద్దాం. నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో మంచి తేనెమైనపు కొవ్వొత్తులు చర్చీలకు, అమీర్లకు. గరీబ్ ఇళ్లలో గొర్రె కొవ్వు, ఎద్దు కొవ్వు కరిగించి చేసినవి వెలిగించేవారు. అవి పొగ చిమ్మేవి, వాసన వచ్చేవి. వత్తి తనంతట తాను కాలిపోయేది కాదు. మాటిమాటికీ కత్తిరించాలి. లేకపోతే మసి పట్టి వెలుగు పడిపోతుంది. తనే వంగి కాలిపోయే అల్లిన వత్తి 1820లలో గాని రాలేదు. అందుకే రాత్రిపూట వెలుతురు ఒక ఖర్చు. ఒక్క కొవ్వొత్తి ఎవరి దగ్గర పెట్టాలి, ఎవరు దాని దగ్గర కూర్చోవాలి అన్నది ప్రతి ఇంట్లోనూ రోజూ జరిగే ఫైసలా. మా నానీ ఇంట్లో లాగే.

ఇక హునర్ సంగతి. రంగును గుడ్డు పచ్చసొనలో కలిపే పాత పద్ధతిలో అది ఇట్టే ఆరిపోతుంది. వెలుగులోంచి నీడలోకి మెత్తగా జారడం అందులో కష్టం. అవిసె నూనెలోనో, అక్రోటు నూనెలోనో కలిపితే రంగు నిదానంగా ఆరుతుంది. ముసవ్విర్ తీరిగ్గా వెలుగును చీకట్లోకి కలపగలడు. ఆరిన రంగు మీద పల్చటి నూనె రంగును పొరలు పొరలుగా వేస్తే కింది రంగు లోపలి నుంచి మెరుస్తుంది. 1490 ప్రాంతంలోనే గీర్ట్‌గెన్ అనే డచ్చి ముసవ్విర్ ఈ నూనె రంగులతో ఒక చిన్న చెక్క మీద హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) పుట్టిన రాత్రిని గీశాడు. పసిబిడ్డ నుంచే వెలుగు వచ్చి తల్లి మొహం మీద పడుతున్నట్టు చూపించాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

తరవాతి వాళ్లు ఇంకో తర్కీబ్ పట్టారు. తెల్ల బట్ట మీద కాకుండా, ముందు బట్టకంతా మట్టిగోధుమ రంగు పూసేవారు. అంటే చీకటి ముందే ఉంది. దాని మీద వెలుగు పడే చోట మాత్రం సీసపు సఫేదా, సీసం, తగరం కలిపి చేసిన పసుపు పెట్టేవారు. బొమ్మలో సగం మనిషి అసలు గీయబడే ఉండడు. చీకటిని చీకటిగానే వదిలేస్తారు. మా అమ్మాయికి ఇదే చెప్పాను. బేటీ, కొవ్వొత్తి బొమ్మలో ఎక్కువగా ఉండేది తెల్ల రంగు కాదు, నల్ల రంగే. ఎంత తెల్లరంగు పూసినా కాగితం దీపంలా వెలగదు. చుట్టూ చీకటి ఉంటేనే ఆ కాస్త పసుపు మంటలాగా కనబడుతుంది. ఇటలీ వాళ్లు దీన్ని 'కియారోస్కూరో' అన్నారు. కియారో అంటే ఉజాలా, స్కూరో అంటే అంధేరా.

ఇక్కడ మన వాళ్ల పేరు ఒకటి చెప్పాలి. బస్రాలో పుట్టి కైరోలో బతికిన ఇబ్న్ అల్ హైసమ్. సుమారు 965లో పుట్టాడు. ఆయన రాసిన కితాబుల్ మనాజిర్‌లో ఒక తజురుబా ఉంది. చీకటి గదికి ఒక్క చిన్న బెజ్జం. బయట వేరువేరు చోట్ల కొన్ని దీపాలు పెట్టాలి. లోపల గోడ మీద ఎన్ని దీపాలుంటే అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. బెజ్జం దగ్గర అన్ని వెలుగులూ కలిసినా ఒకదానిలో ఒకటి కలగలిసిపోవు, ప్రతి వెలుగూ సీదాగా తన దారిన తాను పోతుంది అని ఆయన సాబిత్ చేశాడు. కంటి నుంచి చూపు బయటికి పోవడం కాదు, వస్తువు నుంచే వెలుగు కంటికి వస్తుందని కూడా చెప్పాడు.

ఆ కితాబ్ లాటిన్‌లోకి వెళ్లింది. అక్కణ్నించి ఇటలీ భాషలోకి వెళ్లింది. ఫ్లారెన్స్ శిల్పి గిబెర్తీ 1400లలో కళ గురించి రాసిన పుస్తకంలో దాన్ని బాగా వాడుకున్నాడు. 1572లో బాసెల్‌లో అది లాటిన్‌లో అచ్చయింది. 1604లో కెప్లర్ ఆ దారినే నడిచి, వెలుగు దూరంతో ఎట్లా తగ్గుతుందో చెప్పాడు. రెండింతల దూరం పోతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. మూడింతలు పోతే తొమ్మిదో వంతు. కందీలు దగ్గర కూర్చున్న పిల్లవాడి పుస్తకం ఎంత తేటగా ఉంటుందో, రెండు గజాలు వెనక్కి జరిగిన మనిషి మొహం ఎందుకంత మసగ్గా ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది. కొవ్వొత్తి చిత్రాలు గీసినవాళ్లంతా ఇబ్న్ అల్ హైసమ్‌ను చదివారని నేను అనను. వాళ్లు కళ్లతో చూసి పట్టుకున్న హకీకత్‌ను ఆయన ఆరు వందల ఏళ్ల ముందే తజురుబాతో పట్టుకున్నాడు అంటున్నాను.

ఈ చీకటి వెలుగులను యూరప్ అంతా పాకించిన మనిషి కారవాజో. 1571లో పుట్టాడు, 1610లో పోయాడు. గుస్సా మనిషి. 1606లో రోమ్‌లో ఒక గొడవలో ఒకణ్ని చంపి పారిపోయాడు. మిగిలిన నాలుగేళ్లూ ఊరూరా తిరుగుతూనే గడిపాడు. రోమ్‌లోని ఒక చర్చిలో 1600 నాటి ఆయన చిత్రం ఒకటుంది. పన్నులు వసూలు చేసే మత్తయి బల్ల దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. కుడివైపు పైనుంచి ఒక వెలుగు చాలు గోడ మీద, ఆ మనుషుల మొహాల మీద పడుతుంది. గోడకు కిటికీ ఉంది గాని వెలుగు దానిలోంచి రావడం లేదు. ఎక్కడి నుంచి వస్తోందో మనకు చూపించడు. కారవాజో 1604లో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, గది పైకప్పు సగం తెరుచుకోవడానికి కాగితంలోనే ఇజాజత్ రాయించుకున్నాడు. పైనుంచి వెలుతురు కోసమని కొందరంటారు, పెద్ద బట్టలు నిలబెట్టడానికని కొందరంటారు. మరుసటేడు ఇంటి యజమానురాలు కిరాయి బాకీ కోసం, పైకప్పు నుక్సాన్ కోసం అతని మీద దావా వేసింది.

కారవాజో చేసిన కొత్త పని ఇంకొకటుంది. ఆ వెలుగు కింద ఆయన పట్టుబట్టల మనుషులను కాకుండా మట్టికాళ్ల మనుషులను నిలబెట్టాడు. మాసిన పాదాలు, చిరిగిన మోచేతులు, ముడతల నుదుళ్లు. చర్చి వాళ్లకు కొన్నిసార్లు కోపం వచ్చింది, కొన్ని చిత్రాలను వాపస్ చేశారు కూడా.

ఆయన దగ్గర కొవ్వొత్తి చాలా అరుదు. దాన్ని బల్ల మీదికి తెచ్చింది డచ్చి దేశపు ఉట్రెక్ట్ నుంచి రోమ్ వచ్చిన హొంట్‌హోర్స్ట్. రాత్రి దృశ్యాలు ఎంత బాగా గీశాడంటే ఇటలీ వాళ్లు అతణ్ని 'గెరార్దో దెల్లే నోత్తి' అన్నారు. రాత్రుల గెరార్దో అని. 1617 ప్రాంతంలో అతను ఇంజీల్‌లోని విచారణ దృశ్యం గీశాడు. ప్రధాన పూజారి కుర్చీలో కూర్చుని వేలు ఎత్తి సవాల్ చేస్తున్నాడు. ఎదుట ఖైదీ నిలబడి ఉన్నాడు. మధ్యలో బల్ల మీద ఒకటే కొవ్వొత్తి. మంట ఇద్దరికీ సమానంగా వెలుగు ఇస్తోంది, ఇన్సాఫ్ మాత్రం ఒకరి చేతిలోనే ఉంది. కొవ్వొత్తి వెలుగులో పన్ను పీకే వైద్యుణ్ని కూడా అతను 1622లో గీశాడు.

మా అమ్మాయి చూపించిన వడ్రంగి తస్వీర్ జార్జ్ ద లా తూర్‌ది. 1642 ప్రాంతంలో గీసింది. పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. క్రైస్తవుల రివాయత్ ప్రకారం ఆ ముసలాయన మర్యమ్ గారి భర్త యూసుఫ్. కొవ్వొత్తి పట్టుకున్నది ఈసా. అవన్నీ తెలియకుండా చూసినా అర్థమవుతుంది. ఒక పెద్దమనిషి పని చేసుకుంటున్నాడు, ఒక పిల్లవాడు ఆయనకు వెలుగు చూపిస్తున్నాడు. అంతే. నేలమీద చెక్కపొట్టు. ముసలాయన చేతుల మీద నరాలు. పిల్లవాడు దీపం వైపు చూడడు, ఆ ముసలాయన మొహం వైపు చూస్తాడు.

లా తూర్ 1593లో లొరేన్ ప్రాంతంలో ఒక రొట్టెల కాల్చేవాడి ఇంట్లో పుట్టాడు. పెద్దింటి అమ్మాయిని చేసుకున్నాడు. 1620లో లూనెవిల్ అనే పట్నంలో కాపురం పెట్టి, అక్కడి డ్యూక్‌కు అర్జీ పెట్టుకుని పన్నుల నుంచి మాఫీ తెచ్చుకున్నాడు. తరవాత ముప్ఫై ఏళ్ల యుద్ధం లొరేన్ మీద పడింది. సిపాయిలు, కరువు, ప్లేగు. 1638లో లూనెవిల్ లూటీ అయింది, తగలబడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లోనే ఆయన ఈ నిశ్శబ్దపు కొవ్వొత్తి చిత్రాలు గీశాడు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి, పక్కన కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టిన ఆడమనిషి. దీపం ముందు కూర్చుని పేనో, గోమారో నలుపుకుంటున్న గరీబ్ ఆడమనిషి. ఆమెను చూసి ఎవరూ నవ్వరు. అంత ఇజ్జత్‌తో గీశాడు.

కానీ ఇదే మనిషి గురించి 1646లో లూనెవిల్ జనం డ్యూక్‌కు రాసిన ఒక ఫిర్యాదు మిగిలి ఉంది. ఈ చిత్రకారుడు తానే ఈ ఊరికి జమీందారు అయినట్టు లెక్కలేనన్ని కుక్కలను పెంచుతున్నాడు, అవి చేలల్లో పడి పంట తొక్కేస్తున్నాయి అని వాళ్ల మొర. చదివి నేను చాలాసేపు ఊరుకున్నాను. గరీబ్ ఆడమనిషి మొహం మీద అంత రహమ్‌తో వెలుగు పెట్టిన చెయ్యి, గరీబ్ రైతు చేను మీదికి కుక్కల్ని వదిలింది. చిరాగ్ తలే అంధేరా అని మన పెద్దలు ఊరికే అనలేదు. తెలుగులోనూ దీపం కింద చీకటి అంటాం.

లా తూర్ 1652లో జబ్బు చేసి చనిపోయాడు. అంతకు రెండు వారాల ముందే భార్య పోయింది. ఆ తర్వాత ఆయన పేరు రెండున్నర శతాబ్దాలు మాయమైంది. ఆయన చిత్రాలకు వేరే వాళ్ల పేర్లు పెట్టారు. 1915లో హెర్మన్ వోస్ అనే జర్మన్ చరిత్రకారుడు నాంత్ పట్నంలోని చిత్రాల మీది సంతకాన్ని పట్టుకుని, ఇది ఫలానా మనిషి పని అని చెప్పాడు. ఇప్పుడు ఆయనవిగా ఒప్పుకునేవి నలభైకి అటూ ఇటూ.

రెంబ్రాంట్ పేరు మీరు వినే ఉంటారు. 1606లో లైడెన్‌లో పుట్టాడు. 'రాత్రి పహరా' అని పేరుపడ్డ ఆయన 1642 నాటి పెద్ద చిత్రం అసలు రాత్రిదే కాదు. దాని మీది వార్నిష్ నల్లబడి, పగలు రాత్రిలా కనిపించింది. 1940లలో కడిగితే వెలుతురు బయటపడింది. నాకు ఇష్టమైంది ఆయన ఇరవై రెండు ఇరవై మూడేళ్ల వయసులో గీసిన చిన్న చిత్రం. బల్ల దగ్గర ఒక మనిషి నల్లటి నీడలా ఉన్నాడు. దీపం అతని వెనక దాక్కుంది. ఎదుటి వాడు బిత్తరపోయి చూస్తున్నాడు. అందరి చూపూ అక్కడే. కాస్త ఆగి చూస్తే ఎడమవైపు వెనక వంటింట్లో ఒక పనిమనిషి వంగి పని చేసుకుంటోంది. ఆమెకు వేరే చిన్న వెలుగు. ముందు గదిలో అంత పెద్ద సంగతి జరుగుతున్నా ఆమెకు తీరిక లేదు.

ఈ రెంబ్రాంటే 1656 తర్వాత, దివాలా తీసిన రోజుల్లో, మన మొఘల్ తస్వీర్లను చూసి ఇరవైకి పైగా నకళ్లు గీశాడు. డచ్చి వర్తకుల ఓడల్లో అవి ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. షాజహాన్, జహంగీర్, చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటున్న నలుగురు షేఖులు. మొఘల్ కలంలో వెలుగు ఒక మూల నుంచి రాదు. అంతటా సమానంగా ఉంటుంది. ఎవరి మొహం మీదా నీడ పడదు. చీకటితోనే బతికిన ముసవ్విర్ ఆ నీడ లేని లోకాన్ని అంత శ్రద్ధగా ఎందుకు రాసుకున్నాడో! నేననుకునేది, తన దగ్గర లేనిదాన్ని నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

కొవ్వొత్తి కథ ఇంగ్లండులో ఇంకో మలుపు తిరిగింది. డర్బీ పట్నపు జోసెఫ్ రైట్ 1768లో ఒక ఇల్మీ తజురుబాను గీశాడు. గాజు బుడ్డిలో ఒక తెల్ల పిట్ట. ఒకాయన అందులోంచి గాలి తీసేస్తున్నాడు. చుట్టూ ఇంటి జనం, కొవ్వొత్తి ఒక గాజు పాత్ర వెనక దాగి ఉంది. ఒక చిన్నపిల్ల పైకి చూస్తోంది, పెద్దపిల్ల చూడలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. నబీల కథల మీద వెలిగిన దీపం ఇప్పుడు సైన్సు మీద వెలిగింది. ఆ వెలుగులోనూ ఒక జాన్ ఉంది, పోతుందో ఉంటుందో తెలియదు. ఆ తరవాత నలభై ఏళ్లకు లండన్ వీధుల్లో గ్యాస్ దీపాలొచ్చాయి, ఆ తరవాత బల్బు వచ్చింది. వెలుగు చవకైంది. కొవ్వొత్తి బొమ్మల జమానా ఖతమ్.

మా ఊళ్లో ఆ జమానా నా చిన్నతనం దాకా నడిచింది. మా నానీ తునికాకును రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. వెలుగు మా పుస్తకాల దగ్గర ఉండేది కాబట్టి అన్నీ వేళ్ల లెక్కతోనే. పొద్దున్న కార్ఖానాలో బీడీలు అప్పజెబితే వంకరగా ఉన్నవి పక్కకు తోసేవారు. వాటికి పైసా రాదు. చివరి ఏళ్లలో ఆమె చూపు బాగా తగ్గింది. సూదిలో దారం ఎక్కించమని మమ్మల్ని పిలిచేది. "మీ చదువుకు కళ్లు కావాలి బిడ్డా, నా పనికి చేతులు చాలు" అనేది.

మేమంతా ఆ కందీలు కింద చదివే ఈ స్థితికి వచ్చాం. నేను ఈ మాటలు రాయగలుగుతున్నానంటే ఆ వెలుగే. అయితే ఆ తస్వీర్‌లోని పిల్లవాణ్ని చూశాక ఒక సంగతి నాకు కొట్టొచ్చింది. ఇన్ని రాత్రుల్లో ఒక్క రాత్రైనా నేను లేచి, ఆ కందీలు ఎత్తుకుని నానీ పక్కన కూర్చోలేదు. ఆమె చాట మీద వెలుగు పడేలా పట్టుకోలేదు. ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. లా తూర్ కుక్కల గురించి చదివి తప్పుపట్టాను గాని, నా లెక్క కూడా చూసుకోవాలి కదా.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆమె ఆ బొమ్మను మళ్లీ తెరిచి, వేలితో పెద్దది చేసి, పిల్లవాడి చెయ్యి చూసింది. "అబ్బా, వీడు వెలుగు తన కోసం పట్టుకోలేదు" అంది.

ఆ రాత్రి కరెంటు ఉంది. మా అమ్మీ లోపల గదిలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అక్కడి బల్బు మసకగా ఉందని ఎన్నాళ్లుగానో అంటోంది. నేను లేచి వెళ్లి దాన్ని మార్చాను.

ఖుదా హాఫిజ్.